నేరం మైనరుది, శిక్ష మహల్లాకా?

2024 ఆగస్టు 16న రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక ప్రభుత్వ పాఠశాల విద్యార్థి తన తోటి పదవ తరగతి విద్యార్థిని కత్తితో పొడిచాడు. పొడిచినవాడు ముస్లిం బాలుడు. పోటుకు గురైనవాడు హిందూ బాలుడు. మూడు రోజుల పాటు ఆసుపత్రిలో మృత్యువుతో పోరాడి, 19వ తేదీన ఆ బిడ్డ కన్నుమూశాడు. అతడు మరణించక ముందే నగరం అట్టుడికిపోయింది. వాహనాలు తగలబడ్డాయి, దుకాణాలు ధ్వంసమయ్యాయి, ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఘటన జరిగిన మరునాడే, అనగా 17వ తేదీన, నిందితుడి కుటుంబం నివసిస్తున్న ఇంటిని అధికారులు బుల్‌డోజరుతో నేలమట్టం చేశారు. అటవీ భూమిని ఆక్రమించి కట్టారన్నది చెప్పిన కారణం. ఆ ఇల్లు ఆ కుటుంబానిది కానే కాదు. వారు అందులో అద్దెకున్నవారు మాత్రమే.

తరగతి గదిలో పుట్టిన తగవు ఒక బాలుడి ప్రాణం తీసింది. మరొక బాలుడి బ్రతుకును చీకటి చేసింది. ఏ పాపమూ ఎరుగని ఇంటి యజమానిని రోడ్డున పడవేసింది. ఒక నగరాన్ని రెండుగా చీల్చింది. ఇంత జరిగినా ఈ దేశంలో ఎవరూ అడగవలసిన ప్రశ్న అడగలేదు. పదిహేనేళ్ల పిల్లవాడి పుస్తకాల సంచిలోకి కత్తి ఎలా వచ్చింది? అది రాకుండా ఆపవలసినవారు ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పవలసిన వేళ ప్రభుత్వం బుల్‌డోజరును పంపింది, మనమేమో ఖండన ప్రకటన పంపాము. ఆ రెండింటితోనూ ఏ బడిలోనూ ఏ బిడ్డకూ రక్షణ కలుగదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా మనవారికి ఒక మాట

చనిపోయిన బిడ్డ ఎవరి బిడ్డ అయినా బిడ్డే. అతని తల్లి కడుపుకోతకు మతం లేదు. ఇలాంటి ఘటన జరిగినప్పుడు మన నోట వచ్చే మొదటి వాక్యం ఆ తల్లి కోసం ఉండాలి. ఆ వాక్యం చివర ‘కానీ’ అన్న పదం ఉండరాదు. ‘తప్పే, కానీ వాళ్లు మాత్రం...’ అని మొదలుపెట్టే ప్రతి ప్రకటనా మన న్యాయమైన వాదాన్ని కూడా బలహీనపరుస్తుంది.

అన్యాయానికి గురైన సోదరునికే కాక అన్యాయం చేస్తున్న సోదరునికి కూడా సాయపడాలని దైవప్రవక్త (సఅసం) బోధించినప్పుడు, అన్యాయం చేసేవానికి సాయమేమిటని సహచరులు విస్మయంతో అడిగారు. అతని చేయి పట్టుకొని ఆపడమే అతనికి చేసే సాయమని ప్రవక్త (సఅసం) వివరించారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాము. మన మహల్లాలో కోపంతో తిరిగే కుర్రవాడి విషయంలో దానిని ఎన్నిసార్లు ఆచరించాము? చేయి పట్టుకోవలసింది కత్తి దిగిన తర్వాత కాదు, కత్తి కొనక ముందు.

అదే విధంగా, ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది మన విశ్వాసంలో మూలసూత్రం. భారత రాజ్యాంగం నమ్ముకున్న న్యాయసూత్రం కూడా అదే. కొడుకు నేరానికి తల్లి నెత్తిన ఉన్న కప్పును పడగొట్టడం ఏ ధర్మంలోనూ న్యాయం కాదు. ఈ రెండు మాటలను కలిపి పలకగలిగినప్పుడే మన గొంతుకు విలువ.

చట్టం ఏమంటున్నది, జరుగుతున్నదేమిటి

పద్దెనిమిదేళ్లు నిండనివారు నేరారోపణకు గురైతే ఏం చేయాలో బాలల న్యాయ చట్టం, 2015 స్పష్టంగా చెబుతున్నది. ఆ బాలుణ్ణి లాకప్పులో ఉంచరాదు, జైలుకు పంపరాదు. 24 గంటలలోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. చేతులకు బేడీలు వేయరాదు. 12వ సెక్షన్ ప్రకారం బెయిలు సాధారణ నియమం, నిరాకరణ మినహాయింపు. 74వ సెక్షన్ ప్రకారం ఆ బాలుడి పేరు, చిరునామా, బడి పేరు, ఫొటో ఏదీ పత్రికలలో గాని టీవీలలో గాని ప్రచురించరాదు. 2016 నాటి నిబంధనల ప్రకారమైతే, ఘోరమైన నేరమో, పెద్దలతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప బాలునిపై ఎఫ్ఐఆర్ కూడా నమోదు చేయరాదు. జనరల్ డైరీలో వ్రాసుకొని, అతని కుటుంబ పరిస్థితులపై నివేదిక తయారుచేసి మండలికి పంపాలి.

ఈ చట్టం హిందువుల పిల్లలకూ ముస్లింల పిల్లలకూ ఒక్కటే. అయితే నిందితుడు మన బిడ్డ అయినప్పుడు చట్టంలోని 74వ సెక్షన్ మొదటి గంటలోనే మరణిస్తుంది. పేరు బయటికి వస్తుంది, పేరుతో పాటు మతం, మతంతో పాటు వీధి, వీధితో పాటు మసీదు బయటికి వస్తాయి. అంతటితో అది ఒక పిల్లవాడి నేరంగా మిగలదు, ఒక సముదాయపు స్వభావంగా ప్రచారమవుతుంది. గోప్యత నిబంధన పిల్లవాణ్ణి కాపాడడానికే కాదు, ఊరిని కాపాడడానికి కూడా అవసరమని ఉదయపూర్ రుజువు చేసింది.

బుల్‌డోజరు విషయంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న తీర్పు చెప్పింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం, కార్యనిర్వాహక వర్గం తానే న్యాయమూర్తి కాజాలదని, ఒకరు నిందితుడైనంత మాత్రాన ఇల్లు కూల్చడానికి వీల్లేదని చెప్పింది. 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. నిబంధనలు మీరిన అధికారి తన సొంత సొమ్ముతో నష్టం పూడ్చవలసి ఉంటుందని హెచ్చరించింది. ఆ కేసు విచారణలో ఉదయపూర్ ఇంటి యజమాని కూడా న్యాయం కోరినవారిలో ఒకరు. తీర్పు వచ్చింది, సంతోషమే. కాని తీర్పు వచ్చేనాటికి ఇల్లు లేదు.

శిక్ష పెంచితే నేరం తగ్గుతుందా?

‘మీసాలు వచ్చినవాడు పిల్లవాడేమిటి, పెద్దలతో సమానంగా శిక్షించండి’ అన్న మాట ఇప్పుడు టీవీ చర్చలలోనే కాదు, మన ఇళ్లలో కూడా వినిపిస్తున్నది. 2012 ఢిల్లీ దారుణం తర్వాత చెలరేగిన ఆగ్రహంలోనే 2015 చట్టం వచ్చింది. 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారు కనీసం ఏడేళ్ల శిక్ష పడదగిన ఘోర నేరం చేస్తే, పరిశీలన జరిపి పెద్దవారిగా విచారించే వీలు అందులో కల్పించారు. అనగా కఠిన చట్టం మన చేతికి వచ్చి దశాబ్దం అయింది. బడులలో కత్తులు తగ్గలేదు.

లెక్కలు కూడా చూద్దాము. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా నమోదైన కేసులు 58 లక్షలకు పైగా ఉండగా, అందులో బాలలపై నమోదైనవి సుమారు 30,500. వందకు ఒకటి కూడా కాదు. అలా పట్టుబడిన బాలలలో నాలుగింట మూడు వంతులకు పైగా 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారు. వారిలో అత్యధికులు అనాథలు కారు, తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవారే. దేశాన్ని ముంచెత్తుతున్న బాల నేరస్థుల ముఠా ఒకటున్నదన్న భయం అబద్ధమని మొదటి లెక్క చెబుతున్నది. మా ఇంట్లో ఉన్నాడు గనుక మావాడు భద్రమన్న ధీమా కూడా అబద్ధమేనని చివరి లెక్క చెబుతున్నది.

తొందరపాటు శిక్ష ఎంత ప్రమాదకరమో గురుగ్రామ్ నేర్పింది. 2017 సెప్టెంబరులో అక్కడి ఒక ప్రైవేటు పాఠశాల మరుగుదొడ్డిలో ఏడేళ్ల బాలుడు హత్యకు గురయ్యాడు. ఆనాడే పోలీసులు బడి బస్సు కండక్టరును పట్టుకొని, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. దేశమంతా అతణ్ణి ఉరితీయమన్నది. నవంబరులో సీబీఐ అదే బడికి చెందిన పదకొండవ తరగతి విద్యార్థిని అదుపులోకి తీసుకున్నది. పరీక్షలు, తల్లిదండ్రుల సమావేశం వాయిదా పడాలన్న ఉద్దేశంతో ఈ పని జరిగిందని ఆ సంస్థ చెప్పింది. కండక్టరు నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఒప్పుకోలు ఎలా వచ్చిందో మన వీధుల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 2007 మక్కా మసీదు పేలుళ్ల తర్వాత హైదరాబాదులో మన యువకులు ఎంత నరకం అనుభవించి నిర్దోషులుగా విడుదలయ్యారో మనం మరువలేదు.

హింసకు బడి ఎక్కడిది?

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ఉపాధ్యాయురాలు, ఎక్కాలు అప్పజెప్పలేదన్న నెపంతో ఏడేళ్ల ముస్లిం బాలుణ్ణి నిలబెట్టి, తోటి పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి చెంపలు వాయించమన్నది. బాలుడి మతం గురించి కూడా నోరు జారింది. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టాన్ని గుర్తుచేసి రాష్ట్ర ప్రభుత్వాన్ని నిలదీసింది. మనమందరం దెబ్బలు తిన్న బిడ్డ కోసం కన్నీరు పెట్టాము, పెట్టవలసిందే. కాని ఆనాడు ఆ గదిలో కొట్టిన పిల్లలు కూడా ఉన్నారు. తమకన్నా బలహీనుణ్ణి అందరూ కలిసి కొట్టవచ్చునని, పెద్దలు మెచ్చుకుంటారని వారు నేర్చుకున్నారు. నేర్పినది వీధి రౌడీ కాదు, టీచరు.

ఇక మన ఇంటి సంగతి. ‘గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ’ అని చెప్పి బిడ్డను ఉస్తాదుకు అప్పగించే అలవాటు మనలో ఇంకా చావలేదు. మాంసం మీది, ఎముకలు మాకు మిగిల్చితే చాలునట! బిడ్డను అప్పగించే మాటలా ఇది, కబేళాకు పంపే మాటలా? పదేళ్లు దైవప్రవక్త (సఅసం) సేవలో గడిపిన బాలుడు హజ్రత్ అనస్ (రజి) ఒక్కసారి కూడా విసుగు మాట వినలేదని సగర్వంగా చెప్పుకుంటాము. అదే నోటితో బెత్తం లేనిదే చదువు రాదంటాము. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. మదర్సాలకు ఆ చట్టం వర్తించదని ఎవరైనా ఊరట చెందితే, బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చూడవలసిందిగా కోరుతున్నాము. తన సంరక్షణలో ఉన్న బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తించిన సంస్థ ఉద్యోగికి అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, అయిదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. బడి మనదైనా, వారిదైనా దెబ్బ దెబ్బే. రోజూ దెబ్బలు తినే పిల్లవాడు ఒకనాడు కొట్టడం మొదలుపెడితే ఆశ్చర్యపోవలసినవారు మనం కాము.

టీసీ అనే ఆయుధం

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ దస్త్రాల నడుమ గడిపినవారము. మనిషి మారినా కాగితం మారదని మాకు బాగా తెలుసు. అందుకే బడులలో జరుగుతున్న ఒక నిశ్శబ్ద హింస గురించి చెప్పదలచుకున్నాము.

ఇద్దరు పిల్లలు కొట్టుకుంటారు. యాజమాన్యం విచారించదు. పేదవాని తండ్రిని పిలిచి, ‘మీరే టీసీ అడుగుతున్నట్లు అర్జీ వ్రాయండి, లేకుంటే పోలీసు కేసు అవుతుంది’ అంటుంది. ఆటో నడిపే తండ్రి, పూట కూలి పోగొట్టుకొని వచ్చినవాడు, చెప్పినచోట సంతకం చేస్తాడు. దస్త్రంలో అది ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అవుతుంది. ఎనిమిదవ తరగతి పూర్తయ్యేవరకు ఏ బిడ్డనూ బడి నుంచి బహిష్కరించరాదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ శాసిస్తున్నది. కోరిక మేరకు వెళ్లినవాణ్ణి బహిష్కరించారని ఎవరు నిరూపించగలరు? టీసీలో ‘ప్రవర్తన’ అన్న గడిలో ఒక్క చెడు మాట పడితే మరొక బడి తలుపు తెరవదు. పిల్లవాడు మెకానిక్ షెడ్డుకో, వెల్డింగు దుకాణానికో చేరతాడు. సాయంత్రానికి అతని చేతిలో డబ్బులుంటాయి, పక్కన పెద్దవయసు స్నేహితులుంటారు, ఆ తర్వాత వైట్‌నరు, గంజాయి ఉంటాయి.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లలలో నలుగురికి ఒకరు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. మానినవారనే మాటలో తమంతట తాము మానినవారు ఎందరు, మాన్పించబడినవారు ఎందరు అన్నది ఏ నివేదికా లెక్కించలేదు. బడి తోసివేసిన పిల్లవాణ్ణి పోలీసు స్టేషన్ అందుకుంటున్నది. ఈ రెండు గడపల మధ్య దూరం చాలా తక్కువ.

హైదరాబాదు పాతబస్తీలో ‘ఆపరేషన్ చబూత్రా’ పేరిట అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రవాళ్లను ఠాణాకు తరలించి, తల్లిదండ్రులను రప్పించి మందలించి పంపడం చూశాము. విసిగిన తల్లులు కొందరు దీనిని మెచ్చుకున్నారు కూడా. ఆ తల్లుల బాధ మాకు తెలుసు. కాని ఒకే గదిలో ఏడుగురు పడుకునే ఇంట్లో పదిహేడేళ్ల కుర్రవాడు రాత్రి ఎక్కడ కూర్చోవాలి? ఆ వీధిలో ఆటస్థలం ఎక్కడ, గ్రంథాలయం ఎక్కడ? అరుగు మీద కూర్చోవడం నేరం కాదు. నేరం చేయని పిల్లవానికి పోలీసు జీపు ఎక్కడం అలవాటు చేస్తే, రేపు దానికి భయపడడం కూడా మానేస్తాడు.

మరొక దారి ఉన్నది

తమిళనాడులోని నాంగునేరిలో 2023 ఆగస్టులో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికి వచ్చి కొడవళ్లతో నరికారు. అడ్డువచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. అక్కడి ప్రభుత్వం కేసు పెట్టడంతో ఆగలేదు. విద్యాసంస్థలలో కులద్వేషం ఎలా పుడుతున్నదో పరిశీలించడానికి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె. చంద్రు గారితో ఏకసభ్య కమిటీని నియమించింది. కులాన్ని చాటే రంగుల చేతిపట్టీల మొదలు ఉపాధ్యాయుల బదిలీల వరకు బడిలోని ప్రతి అంశాన్నీ ఆయన పరిశీలించి 2024 జూన్‌లో నివేదిక ఇచ్చారు. సిఫార్సులలో ఎన్ని అమలవుతాయన్నది వేరే చర్చ. నేరం చేసిన పిల్లల కులాన్ని శిక్షించక, నేరాన్ని పెంచిన బడిని ప్రశ్నించారు. మనం కోరుతున్నది అంతకంటే ఎక్కువ కాదు.

అందుచేత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది.

1. బడులలో మత, కుల విద్వేషం, ర్యాగింగు, దెబ్బలపై అటువంటి విచారణ కమిటీని నియమించాలి. తల్లిదండ్రులు, విద్యార్థులు భయం లేకుండా చెప్పుకొనే వీలుండాలి.

2. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. ఆ కమిటీలను కాగితం మీద నుంచి గదిలోకి తేవాలి. బడిలో జరిగిన ప్రతి కొట్లాట ఆ కమిటీ ముందుకు రావాలి.

3. సంవత్సరం మధ్యలో ఇచ్చే ప్రతి టీసీకి కారణాన్ని మండల విద్యాధికారి విచారించిన తర్వాతే అది చెల్లాలి.

4. ప్రతి పోలీసు స్టేషనులో బాలల సంక్షేమ పోలీసు అధికారిని నియమించే ఏర్పాటు చట్టంలోనే ఉన్నది. ఆయన పేరు, ఫోను నంబరు తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు మీద వ్రాయాలి.

ప్రభుత్వం వినే వరకు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన అవసరం మనకు లేదు. మసీదు కమిటీలకు మా విన్నపం ఇది. అసర్ నుంచి ఇషా వరకు మసీదులోని ఒక గదిని, ఫ్యాను, దీపం సహా పిల్లల చదువుకు ఇవ్వండి. డిగ్రీ చదివిన ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను అక్కడ కూర్చోబెట్టండి. బడి మానిన పిల్లల జాబితా తయారుచేసి, ఓపెన్ స్కూలులో చేర్పించండి. జకాత్, సదఖాలతో పరీక్ష ఫీజు కట్టడం కూడా పుణ్యమేనని ఖుత్బాలో చెప్పండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, ఉచిత న్యాయసహాయం కోసం 15100 నంబర్లను వుజూ చేసే చోట గోడ మీద వ్రాయించండి. బిడ్డ పోలీసుల చేతికి చిక్కిన రాత్రి తండ్రి దళారి కోసం వెతకరాదు, వకీలు కోసం వెతకాలి. అన్నింటికంటే ముఖ్యంగా, మన బిడ్డ చేతిలో మరొక బిడ్డ గాయపడితే, మహల్లా పెద్దలు మొదట వెళ్లవలసింది ఠాణాకు కాదు, గాయపడిన బిడ్డ ఇంటికి.

తల్లులకు ఒక మాట. బిడ్డ ఒంటి మీద దెబ్బలు చూడండి, సంచిలో ఏమున్నదో చూడండి, బడికి వెళ్లనని మొండికేస్తే తిట్టక ముందు కారణం అడగండి. కొట్టించుకొని వచ్చినవాడు ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేకపోతే, తన రక్షణ తానే చూసుకోవాలనుకుంటాడు. కత్తి సంచిలోకి చేరేది ఆనాడే.

వచ్చే జుమా నాడు నమాజు ముగిసిన తర్వాత మీ మసీదు కమిటీని మూడు ప్రశ్నలు అడగండి. మన మహల్లాలో ఈ సంవత్సరం బడి మానిన పిల్లలు ఎందరు? వారిలో టీసీ ఇచ్చి పంపివేయబడినవారు ఎందరు? సాయంత్రం వారు కూర్చోవడానికి మనం చూపిన చోటు ఏది? సమాధానం లేకపోతే ఆ జాబితా వ్రాయడం మీరే మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకం, ఒక కలం చాలు. అల్లాహ్ మన బిడ్డలనూ, పొరుగువారి బిడ్డలనూ కాపాడుగాక. ఆమీన్.